ఎలక్ట్రాన్లు, ఉపమానాలు, మన విజ్ఞాన వచనం

మన కవిత్వంలోకి, ఉపన్యాసాల్లోకి ఎలక్ట్రాన్ అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ ఒకచోట కట్టుబానిస అవుతుంది. తీగలో పరుగెత్తే ఎలక్ట్రాన్ మరొకచోట స్వేచ్ఛాజీవి అవుతుంది. ఇంకోచోట ఎలక్ట్రాన్ల ప్రవాహం జనప్రవాహంతో పోల్చబడుతుంది. వేదిక మారితే అదే ఎలక్ట్రాన్ పరబ్రహ్మానికి సాక్ష్యం చెప్పడానికి బోనెక్కుతుంది. ఇంతమంది ఇన్ని రకాలుగా వాడుకుంటున్న ఆ ఎలక్ట్రాన్ నిజంగా ఏం చేస్తుందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఇరుకు చోట పెడితే అది ఎలా ఉంటుంది? పక్కన మరో ఎలక్ట్రాన్ ఉంటే ఏమవుతుంది? ఎప్పుడు పారుతుంది, ఎప్పుడు ఒకచోట నిలిచిపోతుంది? ఈ మూడు ప్రశ్నలకూ భౌతిక శాస్త్రం ఇచ్చిన జవాబులను, వాటిని తెలుగులో చెప్పేటప్పుడు మనం వాడే మాటలను పక్కపక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది సైన్సు మాస్టారు చేయవలసిన పని గదా, తెలుగు పంతులుకు ఎందుకు అని అడగవచ్చు. నేను బడిలో చెప్పేది తెలుగే. కాని పక్క గదిలో సైన్సు మాస్టారు చెప్పే పాఠం కూడా ఇన్నేళ్లూ తెలుగు వచనంలోనే సాగింది. పద్యం మీద, కథ మీద, నవల మీద వందల వ్యాసాలు రాసిన మనం, లక్షల మంది పిల్లలు రోజూ చదివే ఆ వచనాన్ని సాహిత్య విమర్శ పరిధిలోకి రానివ్వలేదు. ఒక మాట ఎంపికలో దృక్పథం ఉంటుందని కవిత్వం విషయంలో ఒప్పుకునేవాళ్లు, పాఠ్యపుస్తకం విషయంలో ఆ సూత్రాన్ని మరిచిపోవడం న్యాయం కాదు.

మన చేతిలో ఇందుకు పనికొచ్చే పనిముట్టు ఒకటి పాతదే ఉంది. అలంకార శాస్త్రం ఉపమకు నాలుగు అంగాలు చెప్పింది: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. ఒకటో రెండో లోపిస్తే లుప్తోపమ. కవిత్వంలో సమానధర్మం చెప్పకుండా వదిలేయడం ఒక సొగసు, ఎందుకంటే ఆ ఖాళీని పాఠకుడు తన అనుభవంతో నింపుకుంటాడు. విజ్ఞాన వచనంలో అదే ఖాళీ ప్రమాదం. పిల్లవాడు ఆ ఖాళీని తనకు తెలిసిన ప్రపంచంతో నింపుతాడు, ఎలక్ట్రాన్ ప్రపంచం అలా ఉండదు. కాబట్టి విజ్ఞాన రచయిత సమానధర్మాన్ని విప్పి చెప్పాలి. అంతటితో సరిపోదు. పోలిక ఎక్కడ ఆగిపోతుందో, అంటే అసమానధర్మం ఏమిటో కూడా చెప్పాలి. అది చెప్పని పోలిక సగం అబద్ధం. ఈ గీటురాయి మీద మూడు మాటలను గీసి చూద్దాం.

మొదటిది 'బంధిత ఎలక్ట్రాన్'. ఈ మాట వినగానే జైలు గుర్తుకొస్తుంది. గోడల మధ్య ఉన్న ఎలక్ట్రాన్ గోడ దాటి పోలేదు కాబట్టి జైలు పోలిక అంతవరకు సరే. అయితే గది ఇరుకైనకొద్దీ ఖైదీ కదలిక తగ్గుతుంది. ఎలక్ట్రాన్ విషయంలో ఇది సరిగ్గా తిరగబడుతుంది. ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉంది. తీగెకు రెండు చివరలూ బిగిస్తే కొన్ని స్వరాలు మాత్రమే పలికినట్టు, గోడల మధ్య ఎలక్ట్రాన్ కొన్ని శక్తి స్థాయిల్లో మాత్రమే ఉండగలదు. గోడల మధ్య దూరాన్ని సగం చేస్తే దాని కనిష్ఠ శక్తి నాలుగింతలవుతుంది, మూడో వంతు చేస్తే తొమ్మిదింతలవుతుంది. నిశ్చలంగా కూర్చోవడం దానికి సాధ్యం కాదు. ఎంత నొక్కితే అంత ఎక్కువ శక్తితో ఉంటుంది.

దీన్ని కంటితో చూడవచ్చు. కాడ్మియం సెలినైడ్ అనే ఒకే పదార్థాన్ని మీటరులో వందకోట్లో వంతు కొలతతో రెండు పాళ్ల రేణువులుగా చేస్తే అవి నీలం వైపు కాంతిని, ఆరు పాళ్ల రేణువులుగా చేస్తే ఎరుపు వైపు కాంతిని ఇస్తాయి. రసాయనం మారలేదు, గది కొలత మారింది. వీటినే క్వాంటం చుక్కలంటారు. రంగుగాజులో ఈ సంగతిని 1980ల మొదట్లో గమనించిన అలెక్సీ ఎకిమోవ్‌కు, ద్రావణంలోని రేణువుల్లో గమనించిన లూయీ బ్రూస్‌కు, 1993లో ఈ రేణువులను కోరిన కొలతలో చేసే పద్ధతి కనిపెట్టిన మౌంగి బవెండికి 2023 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. అంటే జైలు పోలిక గోడ దగ్గరే ఆగిపోయింది, గది లోపలికి రాలేదు. నా మట్టుకు నాకు 'బంధితం' కన్నా 'కట్టడి' మేలనిపిస్తుంది. కేంద్రకం ఆకర్షణకు లోనైన ఎలక్ట్రాన్‌ను బంధితమనీ, చుట్టూ గోడలు కట్టి నిలిపిన ఎలక్ట్రాన్‌ను కట్టడిలో ఉన్నదనీ అంటే రెండు వేరు సంగతులకు రెండు మాటలు దొరుకుతాయి. కట్టడి అంటే ఏమిటో మన పిల్లలకు నిఘంటువు చూడకుండానే తెలుసు.

రెండో మాట 'అన్యోన్య చర్య'. అన్యోన్యం అనగానే మనకు దాంపత్యం గుర్తుకొస్తుంది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. 'పరస్పర చర్య' అనే మాట ఈ చిక్కును తప్పిస్తుంది. మాట కన్నా పెద్ద చిక్కు పోలికలో ఉంది. మనం చాలా కాలంగా ఎలక్ట్రాన్ల గుంపును జనసమూహంతో పోలుస్తూ వచ్చాం. ఇరుకైన చోట జనం ఎక్కువైతే తోపులాట ఎక్కువవుతుంది, విశాలమైన మైదానంలో ఎవరి దారిన వాళ్లు తిరుగుతారు. ఎలక్ట్రాన్లు కూడా అంతేననుకుంటాం. లెక్క చూద్దాం.

పెట్టెలో కొన్ని ఎలక్ట్రాన్లున్నాయి. వాటికి రెండు రకాల శక్తి ఉంది. ఒకటి కట్టడి వల్ల వచ్చిన కదలిక శక్తి, రెండోది ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల వచ్చిన వికర్షణ శక్తి. పెట్టెను పదింతలు పొడవు చేస్తే కదలిక శక్తి నూరో వంతుకు పడిపోతుంది. వికర్షణ శక్తి పదో వంతుకు మాత్రమే తగ్గుతుంది. కాబట్టి పెట్టె చిన్నదిగా ఉన్నప్పుడు కదలికదే పైచేయి. ఎలక్ట్రాన్ల తరంగాలు పెట్టె అంతా పరుచుకుంటాయి. పెట్టె పెద్దదై ఎలక్ట్రాన్లు పలచబడితే వికర్షణదే పైచేయి అవుతుంది. అప్పుడు అవి ఒకదానికొకటి వీలైనంత దూరంగా, ఎవరో ముగ్గు చుక్కలు పెట్టినట్టు, వరసగా నిలబడిపోతాయి. కిక్కిరిసినచోట పారుతాయి, ఖాళీ ఉన్నచోట కదలకుండా నిలుస్తాయి. జనసమూహం పోలిక ఇక్కడ తలకిందులైంది.

ఇది ఊహ మాత్రమే కాదు. యూజీన్ విగ్నర్ 1934లో దీన్ని లెక్క కట్టి చెప్పాడు. 1979లో ద్రవ హీలియం ఉపరితలం మీద పరిచిన ఎలక్ట్రాన్లలో ఇలాంటి స్ఫటికం జాడ దొరికింది. 2024లో ప్రిన్స్‌టన్ శాస్త్రజ్ఞులు రెండు పొరల గ్రాఫీన్‌లో ఆ చుక్కల వరసను సూక్ష్మదర్శినితో నేరుగా చిత్రించారు. ఒక్క విగ్నర్ స్ఫటికం తెలిసినా మనం 'ఎలక్ట్రాన్ల వంటి జనం' అని అంత సులువుగా రాయలేం. రాసినా, ఏ ధర్మంలో వంటివారో చెప్పి రాస్తాం.

చిన్న పెట్టెల్లో మరో విశేషం ఉంది. 1996లో జపాన్, నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు కలిసి ఒక గుండ్రని క్వాంటం చుక్కలోకి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌నే పంపి చూశారు. 2, 6, 12 ఎలక్ట్రాన్ల దగ్గర అది నిండిన కర్పరం గల పరమాణువులాగా ప్రవర్తించింది. ఆ అంకెల దగ్గర మరో ఎలక్ట్రాన్‌ను చేర్చడానికి ఎక్కువ శక్తి కావలసి వచ్చింది. సగం నిండిన చోట హుండ్ నియమం కూడా కనిపించింది. మన పదో తరగతి పిల్లలు 'పరమాణు నిర్మాణం' పాఠంలో కంఠస్థం చేసే హుండ్ నియమం, కేంద్రకమే లేని, మనిషి చేతులతో కట్టిన పెట్టెలో కూడా పనిచేస్తుంది. ఈ ఒక్క ముక్క చెబితే ఆ నియమం పరీక్ష ప్రశ్న స్థాయి నుంచి ప్రకృతి ధర్మం స్థాయికి లేస్తుంది. చెప్పడానికి తెలుగులో మాటలు లేక ఆగిపోలేదు. చెప్పాలనే పట్టింపు లేక ఆగిపోయింది.

మూడో మాట అసలైన చిక్కు. ఎలక్ట్రాన్ పారకుండా ఒకచోట నిలిచిపోవడాన్ని 'స్థానికీకరణ' అని అనువదించడం తేలిక. తెలంగాణలో ఆ మాట చెవిన పడితే ఏం వినిపిస్తుంది? ముల్కీ నిబంధనలు, 1973 ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, 1985 నాటి 610 జీవో వినిపిస్తాయి. స్థానికుడెవడు, స్థానికేతరుడెవడు అనే వాదం వినిపిస్తుంది. ఇన్ని చరిత్రలు మోస్తున్న మాట మీద ఎలక్ట్రాన్‌ను కూడా ఎక్కించడం దేనికి? తెలుగులో 'నెలకొనడం' అనే చక్కని మాట ఉంది. ఒక తావు చూసుకొని అక్కడ కుదురుకోవడమని దాని అర్థం. ఎలక్ట్రాన్ నెలకొంది అంటే చదివినవాడికి బొమ్మ కడుతుంది.

ఎలక్ట్రాన్ నెలకొనడానికి కారణం ఒకటే కాదు, ఇక్కడే చాలా రచనలు పొరబడతాయి. పలచబడటం వల్ల విగ్నర్ చెప్పిన రకం ఒకటి చూశాం. రెండోది నెవిల్ మాట్ వివరించిన రకం. సింగరేణి క్వార్టర్ల వరస ఒకటి ఊహించండి. ప్రతి క్వార్టర్‌లో ఒక్కొక్కరే ఉన్నారు. ఒక ఇంట్లో ఇద్దరుండవచ్చు, కాని ఇద్దరికీ పడదు, ఖర్చు చాలా ఎక్కువ. అన్ని ఇళ్లలోనూ ఒక్కొక్కరున్నప్పుడు ఎవరు కదలాలన్నా నిండిన ఇంట్లోకే పోవాలి. కాబట్టి ఎవరూ కదలరు. నికెల్ ఆక్సైడ్ ఇలాంటిదే. ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను లెక్కలోకి తీసుకోని సిద్ధాంతం ప్రకారం అది విద్యుత్తును పారనివ్వాలి, నిజానికి పారనివ్వదు. ఈ వైరుధ్యాన్ని 1937లోనే గుర్తించారు. వరసలో ఒక ఇల్లు ఖాళీ అయితే పరిస్థితి మారుతుంది. పక్కవాడు అందులోకి, వాడి ఇంట్లోకి ఇంకొకడు, ఇలా కదలిక మొదలవుతుంది. 1986లో బయటపడిన రాగి ఆక్సైడ్ అతివాహకాలకు మూలపదార్థాలు ఈ తరగతివే. ఇక పోలిక ఆగేచోటు చెప్పాలి. క్వార్టర్లలో ఉండేవాళ్లకు పేర్లున్నాయి, ఎవరు ఎవరి ఇంటికి మారారో చెప్పవచ్చు. ఎలక్ట్రాన్లకు పేర్లు లేవు. ఏది కదిలిందో గుర్తుపట్టడం సూత్రరీత్యా కూడా సాధ్యం కాదు.

మూడో రకానికి పరస్పర చర్యే అక్కర్లేదు. ఒక్క ఎలక్ట్రాన్ చాలు. 1958లో ఫిలిప్ ఆండర్సన్ చెప్పింది ఇదే. పదార్థంలో అణువుల అమరిక అస్తవ్యస్తంగా ఉంటే ఎలక్ట్రాన్ తరంగం అడుగడుగునా తగిలి వెనక్కి తిరుగుతుంది. తుమ్మ మొద్దులు నిండిన చెరువులో రాయి వేస్తే అలలు మొద్దులకు తగిలి తిరిగొచ్చి కలుసుకున్నట్టు, తిరిగొచ్చిన తరంగాలు కలిసి ఎలక్ట్రాన్‌ను ఒక తావుకే కట్టిపడేస్తాయి. ఆ తావు నుంచి దూరం పోయినకొద్దీ అది కనిపించే అవకాశం వేగంగా తగ్గిపోతుంది. ఇక్కడా పోలిక ఆగేచోటుంది. చెరువులో అల కొంతసేపటికి చచ్చిపోతుంది. ఎలక్ట్రాన్ తరంగం చావదు, ఆ తావులోనే ఉంటుంది. 1979లో ఆండర్సన్, మరి ముగ్గురు కలిసి రాసిన పత్రం ఈ సిద్ధాంతాన్ని మరో మెట్టు ఎక్కించింది. ఆ ముగ్గురిలో మన దేశానికి చెందిన టి.వి. రామకృష్ణన్ ఒకరు. పరస్పర చర్యను పక్కన పెడితే, పలచని పొరలో ఎంత కొద్దిపాటి అస్తవ్యస్తత ఉన్నా ఎలక్ట్రాన్లు చివరికి నెలకొంటాయని ఆ పత్రం వాదించింది. అస్తవ్యస్తత, పరస్పర చర్య రెండూ కలిసి ఉన్నప్పుడు ఏమవుతుందనే ప్రశ్న 2006 తర్వాత మళ్లీ వేడెక్కింది, వాదం ఇంకా తెగలేదు. మాట్, ఆండర్సన్, వాన్ వ్లెక్‌లకు 1977లో భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది.

ఈ సంగతులన్నీ మన చేతికందని ప్రయోగశాలల్లోనే ఉన్నాయనుకోనక్కరలేదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి పిల్లలకు బొగ్గు తెలుసు. టార్చిలైటు సెల్లు పగలగొడితే వచ్చే నల్ల కడ్డీ తెలుసు. రెండింటిలోనూ ప్రధానంగా ఉన్నది కార్బనే. కడ్డీని వలయంలో పెడితే చిన్న బల్బు వెలుగుతుంది, బొగ్గుపెళ్లను పెడితే వెలగదు. గ్రాఫైట్‌లో కార్బన్ అణువులు విశాలమైన పొరలుగా అమరి ఉంటాయి, ఎలక్ట్రాన్లు ఆ పొర వెంట పారుతాయి. బొగ్గులో కార్బన్ వలయాలు చిన్నచిన్న దీవులుగా, హైడ్రోజన్, ఆక్సిజన్ వగైరాలతో కలిసి, గజిబిజిగా ముడిపడి ఉంటాయి. ఎలక్ట్రాన్లు దీవుల కట్టడిలో ఉండిపోతాయి. గాలి తగలకుండా బొగ్గును బాగా వేడిచేస్తే దీవులు పెరిగి కలుస్తాయి, విద్యుత్తు పారే గుణం పెరుగుతుంది. ఆండర్సన్ లెక్క బొగ్గుకు యథాతథంగా వర్తిస్తుందని నేననడం లేదు. అమరికే గుణాన్ని నిర్ణయిస్తుందనే ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే. పదో తరగతి పుస్తకం డ్రూడ్, లోరెంజ్‌ల పేర్లతో 'స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల' గురించి చెబుతుంది. ఆ స్వేచ్ఛ ఎలక్ట్రాన్ సొంత గుణం కాదని, అది ఉన్నచోటి అమరిక ఇచ్చిందని చెప్పడానికి ఈ బొగ్గుపెళ్ల చాలు.

ఇక మాటల వెనుక ఉన్న తాత్విక పేచీకి వద్దాం. క్వాంటం శాస్త్రంలో కొలత ఒక ముఖ్యమైన భావన. కొలిచే పరికరానికి, ఎలక్ట్రాన్‌కు మధ్య జరిగే చర్య ఎలక్ట్రాన్ స్థితిని మారుస్తుంది. ఇంగ్లీషులో 'అబ్జర్వర్' అన్న మాటను తెలుగులో కొందరు 'ద్రష్ట' అన్నారు. వినడానికి అందంగానే ఉంది. కాని ద్రష్ట, దృశ్యం అనే జంట వేదాంతంలో వందల ఏళ్లుగా స్థిరపడిన పరిభాష. ఆ మాట వాడగానే, చూసే చైతన్యమే జగత్తును సృష్టిస్తోందనే సిద్ధాంతం ఒక్క ప్రయోగం కూడా చేయకుండా పాఠంలోకి ప్రవేశిస్తుంది. దాని మీద ఉపన్యాసాలు పుడతాయి, 'క్వాంటం వైద్యం' పేరుతో బేరాలు పుడతాయి. చూడటానికి మనిషి ఉన్నా లేకపోయినా పరికరం మీద గుర్తు పడుతుంది. కొలత అంటే అంతిమంగా ఏమిటనే విషయం మీద భౌతిక శాస్త్రజ్ఞుల్లో నిజమైన భేదాభిప్రాయాలున్నాయి. ఆ భేదాభిప్రాయం ఎవరి మతానికీ యోగ్యతా పత్రం కాదు. 'కొలత', 'కొలిచే పరికరం' అని రాస్తే ఈ దొంగదారి మూసుకుపోతుంది.

ఎదుటివాళ్లను ఇంత గట్టిగా అడిగినవాళ్లం మనల్ని మనం కూడా అడగాలి. ఎలక్ట్రాన్‌ను 1897లో కనిపెట్టారు. 1908లో లెనిన్ భావవాదుల మీద రాస్తూ, పరమాణువు ఎలాగో ఎలక్ట్రాన్ కూడా అలాగే తరగనిదనే అర్థంలో ఒక మాట అన్నాడు. ఆ గ్రంథం 1909లో అచ్చయింది. జ్ఞానానికి చివరి గోడ ఇదేనని ఎక్కడా అనుకోవద్దనే హెచ్చరిక అది. మన వ్యాసాల్లో ఆ మాట హెచ్చరికగా కాక ముద్రగా మిగిలింది. దాన్ని వేసిన తర్వాత ఎలక్ట్రాన్ గురించి మరేమీ తెలుసుకోనక్కరలేదన్నట్టు వ్యాసం ముగుస్తుంది. తరగనిదని ఒప్పుకున్నవాడు తవ్వుతూ పోవాలి గదా.

ఆండర్సన్ విషయంలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది. 1972లో ఆయన 'సైన్స్' పత్రికలో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ముక్కల నియమాలు తెలిసినంత మాత్రాన మొత్తాన్ని అల్లలేమని, సంఖ్య పెరిగి నిర్మాణం సంక్లిష్టమైన ప్రతి మెట్టు మీదా కొత్త గుణాలు, కొత్త నియమాలు పుడతాయని వాదించాడు. ముగింపులో, పరిమాణంలోని తేడాలు గుణంలోని తేడాలవుతాయన్న మార్క్స్ మాటను తలచుకున్నాడు. ఇది చదివి సంబరపడటం తేలిక. 'చూశారా, నోబెల్ శాస్త్రజ్ఞుడే ఒప్పుకున్నాడు' అని రాయడం ఇంకా తేలిక. మనం చేయవలసిన పని వేరు. ఒక ఎలక్ట్రాన్‌కు లేని గుణం కోటానుకోట్ల ఎలక్ట్రాన్లకు ఏ మెట్టు దగ్గర, ఏ లెక్కతో వస్తుందో చూపించాలి. కదలిక శక్తి, వికర్షణ శక్తి వేర్వేరు వేగాలతో తగ్గడం వల్ల ఒక హద్దు దగ్గర ద్రవం లాంటిది స్ఫటికమవుతుందని పైన చూశాం. ఆ లెక్క చూపించినప్పుడు 'పరిమాణం గుణంగా మారడం' అనే మాటకు బరువొస్తుంది. చూపించకుండా అంటే అదీ లుప్తోపమే.

తెలుగుకు ఇంత శక్తి లేదనే వాదం ఒకటి మిగిలి ఉంది. దీనికి మన నేల చరిత్రే జవాబు చెబుతుంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. దానికోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను ఏర్పాటు చేశారు. భౌతిక శాస్త్రం 'తబియ్యాత్' అయింది. ఉర్దూలో పరమాణువు 'జౌహర్', ఎలక్ట్రాన్ 'బర్ఖియా'. పూనుకొని చేస్తే భారతీయ భాష విశ్వవిద్యాలయ స్థాయి విజ్ఞానాన్ని మోయగలదని అప్పుడే రుజువైంది. కాని అది పాలకుల భాష. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో తెలుగు, గోండి, కొలామి, మరాఠీ మాట్లాడే జనానికి ఆ తలుపు మూసే ఉంది. 1948 తర్వాత ఆ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది, తలుపు మాత్రం అలాగే ఉంది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అప్పటి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు దాని మొదటి అధ్యక్షుడు. ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో వచ్చాయి. అది చిన్న పని కాదు. అయితే ఆ వచనంలో పదం దొరికినంతగా వాక్యం దొరకలేదు. సంస్కృత సమాసం ఇంగ్లీషు మాట స్థానంలో కూర్చుంది, పిల్లవాడి అవగాహనకు అది రెండో గోడ అయింది. 'ఆర్బిటాల్'ను అలాగే ఉంచి దాని అర్థాన్ని వివరించిన చోట ఆ పుస్తకాలు నిజాయితీగా ఉన్నాయి. మాటను అనువదించి అర్థాన్ని వదిలేసిన చోట కాదు.

ఈ పేచీ వెనుక ఉన్నది పిల్లల భవిష్యత్తు. 2022–23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలు అచ్చువేశారు. తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరడంలో తప్పులేదు. నా అనుభవంలో, ఆ పుస్తకంలో ఇంగ్లీషు పేజీ అర్థం కాని పిల్లవాడు తెలుగు పేజీకి వస్తాడు. అదీ అర్థం కాకపోతే రెండు పేజీల మధ్య ఉన్న కుట్టు దగ్గర ఆగిపోతాడు. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీకి పదో తరగతి పాసైన పల్లె పిల్లలు ప్రతి ఏటా పోతున్నారు. అక్కడ ఇంగ్లీషులో ఎదురయ్యే ఎలక్ట్రాన్‌ను వాళ్లు ఇక్కడ తెలుగులో ఒక్కసారైనా సరిగ్గా కలుసుకొని ఉండాలి. ఉట్నూరు వైపు పనిచేసినప్పుడు ఒక గోండు పిల్లవాడు, ఇంట్లో గోండి మాట్లాడేవాడు, పరమాణువు బొమ్మ చూపించి, "సార్, ఎలక్ట్రాన్ తిరుగుతదా, ఒక్కకాడ ఉంటదా?" అని అడిగాడు. బొమ్మలో అది సూర్యుడి చుట్టూ గ్రహం లాగా తిరుగుతోంది, కింద వాక్యంలో సంభావ్యత గురించి ఉంది. రెండూ ఒకటి కావని ఆ పిల్లవాడు కనిపెట్టాడు. విగ్నర్, మాట్, ఆండర్సన్ పని చేసిన ప్రశ్నల్లో అదీ ఒకటి. రెండో భాష అయిన తెలుగులో అంత సూటిగా అడగగలిగిన పిల్లవాడికి అంతే సూటిగా తెలుగులో జవాబు చెప్పే పుస్తకం ఉందా?

మహీధర నళినీమోహన్, నండూరి రామమోహనరావు, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటి వాళ్లు తెలుగులో విజ్ఞానం చదివించవచ్చని నిరూపించారు. మనం వాళ్లను 'సైన్సు రచయితలు' అనే అరలో పెట్టి, సాహిత్య చర్చలకు బయట కూర్చోబెట్టాం. వాళ్ల వాక్యం ఎలా నడిచింది, పోలిక ఎక్కడ ఎత్తుకున్నారు, ఎక్కడ దించారు అని పరిశీలించే పరిశోధన ఏ ఎం.ఏ. విద్యార్థి అయినా చేయవచ్చు. ప్రబంధాల్లోని ఉపమల మీద వచ్చినన్ని సిద్ధాంత వ్యాసాలు అవసరం లేదు, పది వచ్చినా చాలు.

చేయవలసిన పనులు చిన్నవే. మన పత్రికలు కథల సంపుటాన్ని సమీక్షించినంత పట్టుదలతో ఒక పాఠ్యపుస్తకాన్ని సమీక్షించాలి. సైన్సు మాస్టారూ తెలుగు మాస్టారూ కలిసి ఒక్కొక్క పాఠాన్ని వాక్యం వాక్యంగా చదివి, పిల్లల ముందు పెట్టి, ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోవాలి. కవులు ఎలక్ట్రాన్‌ను వాడుకోవద్దని ఎవరూ అనరు. వాడే ముందు అది కిక్కిరిసినచోట పారుతుందనీ, ఖాళీచోట నిలుస్తుందనీ తెలుసుకొని వాడాలి. అప్పుడు పుట్టే పోలిక ఇప్పటిదాకా మనం రాసినవాటికన్నా కొత్తగా ఉంటుంది. అదే పాఠ్యపుస్తకం చదివే పిల్లవాడికి ఆ కవిత అబద్ధం చెప్పకుండా ఉంటుంది.